తాళం లేని బండి

భన్‌పురిలో లారీల వైరింగు చేసే గురునాథం షెడ్డుకి ఏ లారీ వచ్చినా, డ్రైవరు దిగగానే చేసే మొదటి పని బండి తాళం తీసుకెళ్లి సరోజిని చేతిలో పెట్టడం. కొత్తవాడెవడైనా తెలియక గురునాథానికి ఇవ్వబోతే అతను గ్రీజు చేతులు వెనక్కి దాచుకుని, గడ్డంతో భార్య వైపు చూపించేవాడు. పక్కనున్న పాత డ్రైవర్లు "చాబీ భాభీకో దో, తాళం వదినకివ్వు" అని నవ్వేవారు. ఆమె ఆ తాళాన్ని కొంగున ముడివేసుకునేది. పని పూర్తయ్యేదాకా అది ఆ ముడిలోంచి కదిలేది కాదు.

ఆ పద్ధతికి మూలం గురునాథం ఎడమచేతి చిటికెన వేలు. పెళ్లయిన కొత్తలో, సొంత షెడ్డు ఇంకా లేని రోజుల్లో, అతను ఒక లారీ ఇంజిన్ మీదకి వంగి వైరు బిగిస్తుండగా క్లీనరు ఊరికే తాళం తిప్పాడు. ఫ్యాను రెక్క ఆ వేలిని సగానికి తీసుకుపోయింది. ఆస్పత్రి నుంచి వచ్చాక సరోజిని అన్నం కలిపి ముద్ద నోటికి అందిస్తూ, "ఇంక నువ్ పని చేసిన బండికి తాళం నాను తప్ప ఎవులూ తిప్పడానికి లేదు" అంది. అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు.

అప్పటి నుంచీ బ్యాటరీ పెట్టె దగ్గర అతను, క్యాబిన్‌లో ఆమె. ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి, "చెయ్యి తీసీసేవా?" అని అడుగుతుంది. "తీసీసేను, తిప్పు" అని అతను అంటాడు. ఆ జవాబు చెవిన పడకుండా ఆమె తాళం తిప్పదు. వాన కొడుతున్నా, పక్కన లారీలు హోరెత్తిస్తున్నా, వినపడకపోతే మళ్లీ అడుగుతుంది. లారీల ఓనరు బంగారయ్య దగ్గర డ్రైవరుగా ఉన్న పరదేశి, "భాభీ, ఓ ఉత్తరం ముక్క రాసి అడక్కూడదా, జవాబొచ్చేలోపు నాను భోంచేసి వస్తాను" అని ఏడిపించేవాడు.

ఇంకో పని కూడా ఆమెదే. వాడగా వాడగా బ్యాటరీల మీద ప్లస్సు, మైనసు గుర్తులు అరిగిపోతాయి. షెడ్డులోకి వచ్చిన ప్రతి బ్యాటరీని ఆమె వేడినీళ్లతో కడిగి, ప్లస్సు టెర్మినల్ పక్కన నూనెలో కలిపిన కుంకుమతో బొట్టు పెట్టేది. గురునాథం దగ్గర మీటరు ఉంది కానీ, దాన్ని తీసేవాడు కాదు. బొట్టున్న చోట ఎర్ర కేబులు. అంతే.

సరోజిని తండ్రి రైల్వేలో పాయింట్స్‌మన్. బదిలీ కాగితం వచ్చినప్పుడల్లా సామాను గూడ్సు పెట్టెలోకి ఎక్కించడం, స్నేహం కుదిరిన పిల్లలు ప్లాట్‌ఫారం చివరిదాకా పరిగెత్తి ఆగిపోవడం ఆమెకి చిన్నప్పటి నుంచి తెలుసు. ఆగిపోయినవాళ్లలో మళ్లీ కనపడినవాళ్లు లేరు. అందుకేనేమో, భర్త స్క్రూడ్రైవరు కొనడానికి బజారుకి వెళ్లినా ఆమె గుమ్మంలో నిలబడి సైకిలు మలుపు తిరిగేదాకా చూసేది. పిల్లలు లేరు. తనదని చెప్పుకోవడానికి ఆమెకి మిగిలినవి ఆ రేకుల షెడ్డు, కొంగు ముడిలో తాళం, ఒక పిలుపు, దానికి వచ్చే జవాబు.

ఆ ఏడు దీపావళి వెళ్లాక, ఒక ఫియట్ కారుని లారీ వెనక తాడుతో కట్టించి ఊర్మిళ షెడ్డుకి తీసుకొచ్చింది. ఊర్మిళ బంగారయ్యకి చెల్లెలు. బంగారయ్యకి భన్‌పురిలో లారీలున్నాయి, వాటి వైరింగంతా గురునాథానిదే. ఆమె నాగపూర్‌లో మొగుణ్ణి వదిలేసి అన్నగారింటికి వచ్చేసిన మనిషి. ఎందుకు వదిలేసిందో ఎవరికీ చెప్పలేదు కాబట్టి అందరూ తలో కారణం చెప్పుకునేవారు. మెడ దాకా కత్తిరించిన జుట్టు, పెదవులకి ఎర్రటి లిప్‌స్టిక్. ఇరుకు సందులో లారీని వెనక్కి నడపాల్సి వస్తే పరదేశి కూడా దిగిపోయి ఆమెకే స్టీరింగు ఇస్తాడని అందరికీ తెలుసు.

ఫియట్ మాత్రం చూడ్డానికి దీనంగా ఉంది. వెనక సీటు లేదు, కింద రబ్బరు పట్టా లేదు, హారను కూడా పీకేశారు. తిల్దా దాటాక వేసిన కొత్త రోడ్డు ఇంకా జనానికి తెరవలేదు. దాని మీద ట్రాన్స్‌పోర్టు వాళ్ల కుర్రకారు కలిసి పందెం పెడుతున్నారు. రెండేసి కార్లు పక్కపక్కన నిలబడతాయి, జెండా పడగానే పావు మైలు తిన్నగా దూసుకుపోవాలి. ముందు చేరినవాళ్లది గెలుపు.

సరోజిని అలవాటుగా చెయ్యి చాపింది. "తాళం ఇలగివ్వమ్మా."

"అరే వదినా, దీనికి చాబీ లేదు. ఈ స్విచ్చి పైకెత్తి, ఈ బటన్ నొక్కితే బస్, అంతే, స్టార్ట్."

చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది. దాన్ని ఏం చెయ్యాలో తెలియక సరోజిని కొంగు సర్దుకుంది.

గురునాథం అప్పటికే బానెట్ ఎత్తి లోపలికి తొంగిచూస్తున్నాడు. కొత్త రకం పని దొరికితే అతనికి ఆకలి కూడా తెలియదు. ఇంజిన్ హెడ్డు చెక్కించి కంప్రెషన్ పెంచారని, చల్లగా ఉన్నంతసేపూ తిరుగుతుంది కానీ ఒక్కసారి వేడెక్కిందంటే స్టార్టరు మూలిగి ఆగిపోతోందని ఊర్మిళ చెప్పింది.

"మూలగదేటి మరి? ఒక్క బ్యాటరీ ఎంతని తిప్పుతాది?" అన్నాడు గురునాథం. "పైగా బరువని డైనమో పీకీసేరు. రోజంతా స్పార్కు కూడా ఈ బ్యాటరీయే ఇవ్వాలి. దీనికి రెండోది తోడుండాలి."

"లారీలోలాగానా అన్నా?"

"లారీలోలాగ కాదు. లారీలో రెండు బ్యాటరీలు తలా తోకా పడుకుంటాయి. దీని ప్లస్సు దాని మైనసుకి. బలం ఒకదాని మీద ఒకటి ఎక్కుతాది. ఇక్కడ అలగ ఎక్కిస్తే నీ బండి కాయిల్ కాలిపోద్ది. ఇక్కడ రెండూ ఒకే వైపు తలపెట్టుకుని పడుకోవాలి. ప్లస్సుకి ప్లస్సు, మైనసుకి మైనసు. బటన్ నొక్కినంతసేపే రెండూ కలవాలి, ఇంజిన్ అందుకోగానే విడిపోవాలి. మధ్యన లారీ సోలినాయిడ్ పెడతాను, అదే కలుపుతాది, అదే విడదీస్తాది."

"కలిసున్నోళ్లని విడదీయడానికి కూడా సామానుందన్నమాట" అంది సరోజిని, ఎవరి వైపూ చూడకుండా.

"నువ్ క్లాంపులు గీకి పెట్టు" అన్నాడు గురునాథం.

వెనక చక్రాల మీద బరువుండాలని బ్యాటరీలు రెండూ డిక్కీలో పెట్టమంది ఊర్మిళ. అక్కడి నుంచి మొదలైంది సరోజిని బాధ. లారీకి అయితే అతను బయట, తను క్యాబిన్‌లో, ఇద్దరి మధ్యా ఊరందరికీ వినపడే కేక. ఈ ఫియట్‌కి వెనక సీటు లేదు. డిక్కీలో దూరిన గురునాథం తలకీ, ముందు సీటులో ఉన్న ఊర్మిళకీ మధ్య అడ్డం ఏదీ లేదు. వాళ్లు గొంతు పెంచకుండా మాట్లాడుకోవచ్చు. మాట్లాడుకుంటున్నారు కూడా. రేకు స్టూలు మీద కూచుని గరుకు కాగితంతో కేబుళ్ల కొసలకుండే క్లాంపుల లోపలి వైపు గీకుతున్న సరోజినికి గొణుగుడు వినపడుతోంది కానీ మాటలు తెలియడం లేదు. మధ్యలో ఒకసారి గురునాథం నవ్వాడు. బిగ్గరగా కాదు, లోపల్లోపల. ఆ నవ్వు ఆమెకి తెలుసు. అది తనకి తప్ప ఎవరికీ తెలియదని అనుకునేది.

ఆమె క్లాంపులో వేలు పెట్టి చూసుకుంది, మళ్లీ గీకింది. ప్లస్సు టెర్మినల్ లావు కాబట్టి దాని క్లాంపు పెద్దది, మైనసుది చిన్నది. అవసరానికి మించి మెరిసేదాకా గీకింది.

టీ వచ్చింది. గురునాథం రెండు గ్లాసులు అందుకుని ఒకటి కారు కిటికీలోంచి లోపలికి ఇచ్చాడు, రెండోది తను ఉంచుకున్నాడు. టీ కుర్రాడు మూడో గ్లాసు తెచ్చి సరోజిని పక్కన పెట్టాడు. దాని మీద మీగడ కట్టేదాకా ఆమె ముట్టుకోలేదు.

"చల్లారిపోతంది భాభీ" అన్నాడు పరదేశి.

"పోనీ."

"నీ టీ కాదు, బాస్ టీ. అటు చూడు, గ్లాసు చేతిలో పట్టుకుని తాగడం మర్చిపోయేడు."

"నీ లారీ లోడింగుకి పోవాలి కదా, నువ్ పోరా" అందామె.

అతను ఏడిపించడానికే అన్నాడని తెలుసు. అయినా ఆ మాట ముల్లులా దిగి అక్కడే ఉండిపోయింది. మర్నాడు గురునాథం ఉతికిన చొక్కా వేసుకుంటే, ఇది వారానికోసారి మార్చే రోజా కాదా అని ఆమె లెక్క చూసుకుంది. అద్దం ముందు అతను కాస్త ఎక్కువసేపు ఉన్నట్టనిపించింది. అతను పళ్లలో ఇరుక్కున్న కరివేపాకు తీసుకుంటున్నాడంతే.

పని పూర్తయి, మొదటిసారి స్టార్ట్ చేసి చూసే వేళకి సరోజిని లేచి నిలబడింది. తాళం లేకపోతే లేకపోయె, బటనైనా తనే నొక్కాలి. పద్ధతి పద్ధతే. ఆమె కారు తలుపు దగ్గరికి వెళ్లేసరికి ఊర్మిళ సీటులో సర్దుకుని కూచుని ఉంది. స్విచ్చి పైకెత్తింది. తల వెనక్కి తిప్పి, డిక్కీ వైపు పిలిచింది.

"చెయ్యి తీసీసేవా అన్నా?"

"తీసీసేను, నొక్కు."

స్టార్టరు ఒక్క ఊపున తిరిగింది. ఇంజిన్ గర్జించింది. షెడ్డు రేకులు అదిరాయి. పరదేశి చప్పట్లు కొట్టాడు. ఊర్మిళ సంతోషంతో స్టీరింగు మీద రెండు చేతులతో దరువేసింది. గురునాథం డిక్కీ వెనక నుంచి వచ్చి, నల్లటి ముఖంలో పళ్లన్నీ కనపడేలా నవ్వుతూ భార్య కోసం చూశాడు. ఆమె అక్కడ లేదు. షెడ్డు వెనక కుళాయి దగ్గర, కడగాల్సినవేవీ లేకపోయినా చేతులు కడుక్కుంటోంది.

ఇంటికి వెళ్లాక అన్నం వడ్డించి దూరంగా కూచుంది.

"ఏటయ్యింది నీకు?" అన్నాడు గురునాథం.

"ఏటీ అవ్వలేదు."

"ఏటీ అవ్వకపోతే పప్పులో ఉప్పేదీ?"

"ఉప్పు కూడా అదే వచ్చి వేస్తాది. నేర్పీ."

అతను చేతిలో ముద్ద అలాగే పట్టుకుని చూశాడు. "అన్నా అని పిలుస్తాది కదే. నోరారా."

"నన్ను వదినా అంటాది. నోరారా."

"మరింకేటి నీ బాధ?"

"ఆ మాట దానికి ఎవులు నేర్పేరు?"

"ఏ మాట?"

ఆమె ఉప్పు డబ్బా తెచ్చి అతని కంచం పక్కన పెట్టింది. అతనికి నిజంగానే అర్థం కాలేదు. అర్థం కాకపోవడం ఆమెని ఇంకా మండించింది. అతను ఊర్మిళకి లిప్‌స్టిక్ ఇవ్వవచ్చు, చీర ఇవ్వవచ్చు, కావాలంటే తనతో రెండు రోజులు మాట్లాడకుండా ఉండవచ్చు. కానీ ఆ పిలుపు, తెగిన వేలికి కట్టు కట్టిన రోజుల్లో ఇద్దరూ కలిసి చేసుకున్నది. అతను దాన్ని పానా ఇచ్చినట్టు ఇచ్చేశాడు.

పందేనికి ముందు రోజు గురునాథం డిక్కీ తెరిచి చివరిసారిగా అన్నీ చూసుకున్నాడు. రెండు బ్యాటరీలూ ఒకే వైపు తలపెట్టుకుని, చెక్క పళ్లెంలో బెల్టు కింద పడుకున్నాయి. ఒకటి కొత్తది, రెండోది బంగారయ్య లారీ నుంచి తీసిన పాతది. పాతదాని గుర్తులు ఎప్పుడో అరిగిపోయాయి.

"వీటికి బొట్టెట్టలేదేటే?"

సరోజిని కుంకుమ గిన్నె ఉన్న గూటి వైపు చూసింది కానీ లేవలేదు. "దానికి బొట్టెందుకు? లిప్‌స్టిక్కుంది కదా. అది రాసుకోమను."

కారు అవతల టైర్లలో గాలి చూస్తున్న ఊర్మిళ తల ఎత్తింది, మళ్లీ దించుకుంది. విన్నదో లేదో తెలియలేదు. గురునాథం భార్య ముఖం చూసి, మళ్లీ వైర్ల మీదకి వంగాడు. వైర్లన్నీ సరిగానే ఉన్నాయి. బొట్టు లేనంత మాత్రాన కరెంటు దారి మర్చిపోదు. డిక్కీ మూసేశాడు.

"రేపు తిల్దా వస్తావా?"

"నాకక్కడ ఏం పని? తాళం లేని బండికి నాను తోడెందుకు?"

అలా అన్నదే కానీ, పొద్దున్నే పరదేశి లారీ గేరు వేసేలోపు చద్దన్నం డబ్బా ఒళ్లో పెట్టుకుని క్యాబిన్‌లోకి ఎక్కి కూచుంది. వెళ్లకుండా ఇంట్లో ఉంటే ఏమేం ఊహించుకుంటుందో ఆమెకి తెలుసు. దారి పొడుగునా అద్దంలోంచి వెనకే చూసింది. తాడు కట్టిన ఫియట్ లారీ వెనకాలే వస్తోంది. స్టీరింగు దగ్గర ఊర్మిళ. పక్కన, వైర్లు కదలకుండా చూసుకోవాలన్న వంకతో, గురునాథం.

తిల్దా దాటేసరికి మిల్లుల్లో ఉడికిన వడ్ల వాసన గాలి నిండా ఉంది. కొత్త రోడ్డు మీద సున్నంతో రెండు గీతలు గీశారు. గట్ల మీద జనం. కోతలు అయిపోయిన చేలలోంచి ఆడవాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు. మొదటి రెండు పరుగులు ఉత్తిగా, అలవాటు కోసం. వాటిలో ఫియట్ ప్రతిసారీ ఒక్క ఊపులోనే స్టార్టయింది. అవతల ఒక అంబాసిడర్‌ని నలుగురు తోస్తుంటే గురునాథం మీసం దువ్వుకున్నాడు.

మూడోసారికి స్టార్టరు గొంతు మారింది. అతను మూత తీసి చూసి, పాత బ్యాటరీ దిగిపోయిందన్నాడు. అసలు పందెం ముందుంది. అతను ఆ బ్యాటరీని విప్పి భుజాన వేసుకుని పరదేశి లారీ దగ్గరికి పరిగెత్తాడు. లారీ ఇంజిన్ ఆడుతుండగా దాని బ్యాటరీ నుంచి కాసేపు చార్జింగు పట్టించాడు. ఇంతలో మైకులో ఊర్మిళ కారు పేరు పిలిచారు. గీత దగ్గరికి రాకపోతే పోటీ నుంచి తీసేస్తారు. అవతలి కారు అప్పటికే గీత మీద నిలబడి పొగ కక్కుతోంది.

గురునాథం బ్యాటరీ ఎత్తుకుని రొప్పుతూ వచ్చాడు. ఊర్మిళ పానాలు అందించింది. సరోజిని రెండడుగుల దూరంలో నిలబడి వాళ్ల చేతుల వంక చూస్తోంది. పానా అందించేటప్పుడు వేలు వేలికి తగిలిందా? తగల్లేదు. మళ్లీ అందించినప్పుడు? ఆమె కళ్లు ఆ చేతుల మీద నుంచి కదల్లేదు. ఊర్మిళ పరిగెత్తి వెళ్లి సీటులో కూచుంది. సరోజిని చూపు మాత్రం గురునాథం చేతుల మీదే ఉండిపోయింది.

ఎర్ర కేబులు క్లాంపు టెర్మినల్ మీద వదులుగా కూచుంది. అతను జేబులోంచి రేకు ముక్క తీసి సందులో దోపి బిగించాడు. నల్ల కేబులు క్లాంపు దిగకపోతే పానా వెనక వైపుతో కొట్టి దించాడు.

సరోజిని వేళ్లు తమంతట తాము ఒకదాన్నొకటి రాసుకున్నాయి. ఆ క్లాంపుల్ని గీకింది ఆ వేళ్లే. పెద్దది పెద్దదాని మీద బిగువుగా కూచోవాలి. ఎందుకు వదులైంది? చిన్నది ఎందుకు దిగలేదు? ఆమె డిక్కీలోకి తొంగిచూసింది. కొత్త బ్యాటరీ తల ఒక వైపు, పాతదాని తల ఇంకో వైపు. తలా తోకా. ఇన్నేళ్లుగా లారీ పెట్టెల్లో పడుకోబెట్టినట్టే పడుకోబెట్టాడు. తొందరలో అతని చేతులు తమకి తెలిసిన పని చేసేశాయి. ఆ చేతుల్ని ఆపడానికి అక్కడ ఎర్రగా ఏమీ లేదు.

బటన్ నొక్కేదాకా ఏమీ జరగదు. సోలినాయిడ్ తెరుచుకుని ఉన్నంతసేపూ తప్పు నిద్రపోతుంది. నొక్కిన క్షణం రెండు బ్యాటరీల బలమంతా ఒకదాని మీదకి ఒకటి దూకుతుంది. కేబుళ్లు ఎర్రబడతాయి, బ్యాటరీలు పగులుతాయి, యాసిడ్ లేస్తుంది. పెట్రోలు ట్యాంకు కూడా ఆ పక్కనే. వాటి మీద వంగి ఉన్నది గురునాథం ముఖం.

"ఉండు!" అని అరిచింది. అవతలి కారు హోరులో ఆమె మాట ఆమెకే వినపడలేదు.

ముందు నుంచి ఊర్మిళ గొంతు వచ్చింది. హెల్మెట్ పెట్టుకున్నా, కారు లోపలి నుంచి కాబట్టి స్పష్టంగా వచ్చింది. "చెయ్యి తీసీసేవా అన్నా?"

గురునాథం వెనక్కి జరిగాడు. చేతులు పైకెత్తాడు. "తీసీ..."

సరోజిని అతన్ని మోచేత్తో తోసి, తన చెయ్యి తీసుకెళ్లి ఎర్ర కేబులు క్లాంపు మీద పెట్టింది. గాజులు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. డిక్కీలోకి తల పెట్టి అరిచింది.

"తియ్యలేదు! చెయ్యుంది! నా చెయ్యుంది!"

గురునాథం నిర్ఘాంతపోయాడు. సరోజినికి కారు లోపల ముందు సీటు వెనక భాగం, దాని పైన హెల్మెట్, బటన్ మీద ఉన్న వేలు కనపడుతున్నాయి. రోడ్డు మీద జెండా పట్టుకున్నతను త్వరగా రమ్మని చేతులూపుతున్నాడు. మైకు మళ్లీ పిలిచింది. ఆ వేలు ఎవరిది? వారం రోజులుగా ఆమె తిట్టుకున్న మనిషిది. నోరు లేచినప్పుడల్లా మాటతో పొడిచిన మనిషిది. ఆ మనిషికి ఈ పిలుపు ఒక సరదా అయి ఉంటే?

వేలు బటన్ మీద నుంచి లేచింది. ఊర్మిళ స్విచ్చి కూడా దించేసి, వెనక్కి తిరిగి అడిగింది. "వదినా? చెయ్యి తీసీసేవా?"

సరోజిని క్లాంపు మీద చెయ్యి తియ్యకుండా, రెండో చేత్తో భర్తకి బ్యాటరీల తలలు చూపించింది.

గురునాథం బ్యాటరీల వైపు చూశాడు. చాలాసేపు చూడక్కర్లేకపోయింది. అతని ముఖంలో రక్తం దిగిపోయింది. "బొట్టు లేదే" అన్నాడు. నిందించినట్టు కాదు, దారిలో ఉండాల్సిన ఇల్లు లేకపోతే అన్నట్టు. ఆమెకి అదే ఎక్కువ తగిలింది.

ఊర్మిళ దిగి వచ్చింది. విషయం విని డిక్కీ అంచు పట్టుకుంది. "నొక్కి ఉంటే?" అంది.

"నొక్కుంటే ఇప్పుడు అడగడానికి నువ్వుండవు, చెప్పడానికి నానుండను" అన్నాడు గురునాథం, అప్పటికే క్లాంపులు విప్పుతూ. సరోజినే అవతలి కొస పట్టి బ్యాటరీని తిప్పింది. ఇప్పుడు పెద్ద క్లాంపు లావు టెర్మినల్ మీదకి బిగువుగా, రేకు ముక్క అవసరం లేకుండా దిగింది.

చెల్లెలి పందెం చూడ్డానికి వచ్చిన బంగారయ్య పరుగున వెళ్లి జెండా అతన్ని బతిమాలుకున్నాడు. ఇంకొక జతని ముందు పంపుతామని ఒప్పుకున్నారు.

ఊర్మిళ కుర్తా జేబులోంచి లిప్‌స్టిక్ తీసి సరోజిని ముందు చాపింది. "పెట్టు వదినా. రాసుకోమన్నావు కదా. నిన్న నాకు వినపడింది."

సరోజిని ముఖం ఎర్రబడింది. తీసుకోకుండా ఉందామనుకుంది. తీసుకుంది. మూత ఎలా తిప్పాలో తెలియకపోతే ఊర్మిళే తిప్పి ఇచ్చింది. సరోజిని వంగి రెండు బ్యాటరీలకీ, రెండు ప్లస్సుల పక్కనా, కుంకుమ పెట్టేంత పెద్ద బొట్లు పెట్టింది. లిప్‌స్టిక్ కొన విరిగిపోయింది.

"ఖరీదైనదేమో" అంది.

"నాగపూర్‌ది. పోతే పోనీ" అంది ఊర్మిళ.

రెండోసారి గీత దగ్గర నిలబడినప్పుడు సరోజిని డిక్కీ వెనకే ఉండిపోయింది. ఇన్నేళ్లలో ఆ పిలుపుని ఆమె ఎప్పుడూ ఇటు వైపు నుంచి వినలేదు. ఎప్పుడూ క్యాబిన్‌లోంచి అడగడమే. ఇటు నిలబడితే తెలిసింది, జవాబు చెప్పేవాడికి ఎదురుగా ఉండేది వేడెక్కిన ఇనుమని, అవతలి మనిషి ముఖం కనపడదని, ఆ గొంతు ఒక్కటే ఆసరా అని.

"చెయ్యి తీసీసేవా?"

గురునాథం భార్య వైపు చూశాడు. ఆమె రెండు చేతులూ పైకెత్తి చూసుకుని, తనే జవాబిచ్చింది. "తీసీసేం, నొక్కు!"

ఫియట్ అందుకుంది. డిక్కీ మూత పడింది, జెండా పడింది. టైర్ల పొగలోంచి కారు గీసినట్టు తిన్నగా వెళ్లిపోయింది. ఆ పరుగు ఊర్మిళే గెలిచింది. తర్వాతి పరుగులో దుర్గు నుంచి వచ్చినవాడెవడో ఆమెని దాటేశాడు. జనం ఈల వేశారు. గురునాథం మాత్రం కారు కనపడనంత దూరం వెళ్లినా కళ్లు తిప్పలేదు.

"పోయిందిలే. ఇటు చూడు" అంది సరోజిని.

"సోలినాయిడ్ విడిపోయిందో లేదో అని..."

"విడిపోతాది. నువ్వే పెట్టేవు కదా" అని డబ్బా మూత తీసి చద్దన్నం అతని చేతికిచ్చింది. ఉల్లిపాయ ముక్క కూడా పెట్టింది. వేళ్లకి అంటిన ఎరుపు అన్నం మెతుకులకి అంటింది. ఎంత తుడుచుకున్నా పోలేదు.

తిరుగు ప్రయాణానికి లారీ కదల్లేదు. చార్జింగు ఇచ్చి ఇచ్చి దాని బ్యాటరీలే నీరసపడ్డాయి. గురునాథం పానా పట్టుకుని బ్యాటరీ పెట్టె దగ్గరికి వెళ్లాడు. పరదేశి దిగి, అలవాటుగా తాళం తీసుకొచ్చి సరోజినికి ఇచ్చాడు. "తీసుకో భాభీ. దీనికింకా చాబీ ఉంది."

ఆమె స్టీరింగు ముందుకి ఎక్కింది. ఫియట్‌ని తాడుకి కట్టేసి, దాని స్టీరింగు బంగారయ్యకి అప్పజెప్పి వచ్చిన ఊర్మిళ అవతలి తలుపు తెరిచింది. "ఇక్కడ కూచోనా వదినా? ఆ కారులో గాలాడటం లేదు."

"కూచో. కిటికీ పక్కన కూచో. మీ అన్న వస్తే మధ్యలోకి నాను జరుగుతాను."

ఊర్మిళ నవ్వు ఆపుకుంటూ కిటికీ వైపు కూచుంది. సరోజిని తాళం పెట్టి, కిటికీలోంచి తల బయటపెట్టింది.

"చెయ్యి తీసీసేవా?"

పక్కన ఊర్మిళ పెదవులు కూడా చప్పుడు లేకుండా ఆ మాటకి కదిలాయి. సరోజిని చూసింది. తాళం మాత్రం గట్టిగా పట్టుకుని, పొద్దు వాలుతున్న రోడ్డు మీద నుంచి రావలసిన జవాబు కోసం చెవులు రిక్కించింది.

"తీసీసేను, తిప్పు!"